పార్టీ పెట్టడమంటే మా రోజుల్లో...

ఇప్పుడు పార్టీ పెట్టేవాడు ముందు రంగు చూసుకుంటాడు. ఆ తర్వాత జెండా, పాట, డ్రోన్ కెమెరా. ఎందుకు పెట్టావయ్యా అనడిగితే ప్రజల కోసమంటాడు. మా రోజుల్లో నిడుబ్రోలు రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగాగారు పార్టీ పెడితే ఎందుకు పెట్టారో పొగాకు బ్యారన్ దగ్గర కూలీ కూడా చెప్పేవాడు.

మొదటిసారి కోపమూ ఉందిలెండి, దాచడమెందుకు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సంజీవరెడ్డిగారి చేతిలో ఓడిపోయి, ప్రకాశంగారితో పాటు బయటికొచ్చారు. కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955లో కమ్యూనిస్టుల్ని ఆపాలని కాంగ్రెస్‌తోనే చేతులు కలిపి 22 సీట్లు తెచ్చుకున్నారు. తర్వాత తిరిగి కాంగ్రెస్‌లోనే కలిశారు.

అసలు కథ 1959ది. ఆ జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. పొలాలు కలిపి దున్నాలట, హక్కు మాత్రం ఎవరిది వాళ్లకే ఉంటుందట. గట్టు చెరిపేశాక హక్కు కాగితం మీద ఉంటే ఎంత, లేకపోతే ఎంత? మా ఊరి రైతులు అన్నమాట అదే. ఆక్స్‌ఫర్డులో చదివొచ్చిన రంగాగారూ అదే అన్నారు. కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి పదవి వదిలేసి, జూన్‌లో మద్రాసులో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీకి పునాది వేశారు. రాజాజీకి అప్పటికి ఎనభై ఏళ్లు. రంగాగారు అధ్యక్షుడు, మసానీ ప్రధాన కార్యదర్శి.

మా ఇంట్లో దీని మీద రోజూ రచ్చే. మా మేనమామ కమ్యూనిస్టు. "వెంకటగిరి జమీందారు మీదికి రైతుల్ని నడిపినాయన, జైపూర్ మహారాణి ఉన్న పార్టీకి అధ్యక్షుడేంటి బావా?" అని గిల్లేవాడు. "జమీందారు నుంచి గుంజింది రైతుకివ్వమన్నాడు గానీ సర్కారుకివ్వమన్నాడట్రా?" అని మా నాన్న లేచేవాడు. అరుచుకునేవాళ్లు, అమ్మ పిలిస్తే ఒకే పంక్తిలో కూర్చుని తినేవాళ్లు. ఇప్పుడు వాట్సాప్‌లో ఒక్క మాట తేడా వస్తే పెళ్లి పిలుపులు కూడా ఆగిపోతున్నాయి.

1962లో అధ్యక్షుడై ఉండి సొంత తెనాలిలో ఓడారు. చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి సభకెళ్లారు. 1967లో శ్రీకాకుళం పంపింది. ఆ ఏడు లోక్‌సభలో స్వతంత్రకి 44 సీట్లు. నిడుబ్రోలెక్కడ, శ్రీకాకుళమెక్కడ! అక్కడ గౌతు లచ్చన్నగారి అండ ఉందనుకోండి.

1971లో 8 సీట్లు మిగిలాయి. ఆ దెబ్బ తర్వాత రంగాగారు మళ్లీ కాంగ్రెస్‌కే వెళ్లారు. నెహ్రూతో పేచీపడి బయటికొచ్చినాయన నెహ్రూ కూతురి దగ్గరికి చేరడమేంటని మా నాన్న మండిపడ్డాడు. పేపర్లో ఆయన ఫొటో కనిపిస్తే పేజీ తిప్పేసేవాడు. నాకూ మింగుడుపడలేదు. గుంటూరు మాత్రం 1980 నుంచి వరసగా మూడుసార్లు గెలిపించింది.

సరే, ఆయనా మారారు. కానీ మారినప్పుడల్లా నిలదీయడానికి మాకో మాట మిగిల్చారు. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఒక కండువా వేసుకునేవాణ్ని ఏ మాట మీద నిలదీయను? మొన్న ఓట్లకొచ్చిన కుర్రాణ్ని పట్టుకుని, కౌలు రైతు సంగతి మీ పార్టీ ఏమంటుందయ్యా అనడిగాను. "లింక్ పంపిస్తా పెద్దాయనా" అన్నాడు. నా నంబరు మాత్రం అడగలేదు.