ఏ కప్పు బిడ్డా?

మొన్న ఆదివారం మా ఇంట్లో బువ్వ ముద్దయింది. ఫోనులో వంట నేర్పే ఆవిడ రెండు కప్పుల బియ్యానికి నాలుగు కప్పుల నీళ్లు పోయమంది. మా కోడలు బియ్యాన్ని కరెంటు కుక్కరుతో వచ్చిన కప్పుతో కొలిచింది. నీళ్లను మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించిన రంగురంగుల కప్పుతో పోసింది. కుక్కరు కప్పు పట్టేది 180 మిల్లీలీటర్లు, రంగు కప్పు పట్టేది 240. అంటే బియ్యం 360, నీళ్లు 960. పొయ్యవలసింది 720. పావు లీటరుకు కాస్త తక్కువగా నీళ్లు ఎక్కువైతే పాపం బియ్యం మాత్రం ఏం చేస్తాయి?

"రెండూ కప్పులే కదా మామయ్యా!" అంది బిక్కమొహం పెట్టి.

"ఏ కప్పు బిడ్డా?" అన్నాను. ఆ ఒక్క మాటకే మా ఆవిడ నా వైపు గుర్రుగా చూసింది. ముసలాయన మొదలుపెట్టాడు, ఇక ఆగడు అని.

ఎందుకాగాలి? మా రోజుల్లో ఇబ్రహీంపట్నంలో ఏ ఇంట్లోనైనా బియ్యం గుమ్మి పక్కన గిద్దె, సోల, తవ్వ, మానిక వరసగా ఉండేవి. నాలుగు గిద్దెలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపు, లేకుంటే సగం. బడి మొహం చూడని మా అమ్మ పదిమందికి వండేది, యాభై మందికి వండేది. లెక్క ఎన్నడూ తప్పలేదు. చుట్టాలు రెట్టింపు వస్తే సోల పక్కన పెట్టి తవ్వ అందుకునేది. అంతే మార్పిడి.

ఆమెకు ఇంకో సూత్రముండేది. దేనితో కొలవడం మొదలుపెడితే దానితోనే ముగించాలి. మామిడికాయ తొక్కు పెట్టేనాడు ముక్కలూ సోలతోనే, కారమూ సోలతోనే, ఆవపిండీ, ఉప్పూ, మంచినూనే అన్నీ అదే సోలతో. ఆ సోల నొక్కుపడి కొంచెం తక్కువ పట్టినా ఏం కాదు, అన్నీ ఆ తక్కువతోనే పడతాయి కాబట్టి పాళ్లు చెడవు. రుచి ఉండేది పాళ్లలో, మిల్లీలీటర్లలో కాదు. మా కోడలి బువ్వ చెడింది లెక్క రాక కాదు, నడుమ గిన్నె మారడం వల్ల.

కిరాణా కొట్టు లెక్క ఇంకా సులువు. పదహారు అణాలు రూపాయి, పదహారు ఛటాకులు సేరు. సేరు మూడు రూపాయలైతే ఛటాకు మూడణాలు. సేటు నోరు తెరవకముందే మేం చెప్పేసేవాళ్లం. పావు, అర, ముప్పావు ఎక్కాలు అప్పజెప్పకపోతే పంతులు చింతబరికె తీసేవాడు మరి.

అట్లాంటి రోజుల్లో 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయాపైసలొచ్చాయి. 1958 అక్టోబరు నుంచి కిలోలు ఒక్కో చోటే దిగాయి, ఆ వెనుక లీటర్లు. ఎనభై తులాల సేరు 933 గ్రాములయింది. మా నాయన చాలా ఏళ్లు కిలోను "పెద్ద సేరు" అనే పిలిచాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు.

సరే, దేశమంతా ఒక్క కొలత అన్నారు, ఒప్పుకున్నాం. మరి ఈ కప్పు ఎక్కడినుంచి వచ్చింది? డాలస్‌లో ఉన్న మా మనవరాలు తొక్కు పాళ్లు అడగడానికి ఫోన్ చేస్తుంది. ఆమె కప్పు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియాలో ఉన్న దాని స్నేహితురాలి కప్పు 250. అక్కడ పెద్ద చెంచా 20 మిల్లీలీటర్లట, మిగతా చోట్ల 15. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, ఇంగ్లండు గ్యాలను 4.546. ఊరికో సేరు ఉండేదని మమ్మల్ని వెక్కిరించినవాళ్లు ఇప్పుడు దేశానికో కప్పు పెట్టుకుని తిరుగుతున్నారు. "నీ కప్పు సంగతి నాకెందుకమ్మా, ఏదో ఒక గ్లాసు తీసుకుని అన్నీ దానితోనే పొయ్యి" అన్నాను. తొక్కు బాగా కుదిరిందని ఫొటో పంపింది.

నూనె సంగతి మరీ విచిత్రం. లీటరు ప్యాకెట్టు తెచ్చి కిలో తెచ్చాననుకుంటారు. నీళ్లయితే లీటరు అంటే కిలోనే. నూనె తేలిక, లీటరు దాదాపు 910 గ్రాములు తూగుతుంది. పాలు లీటరు 1,030 గ్రాముల దాకా ఉంటాయి. పైగా నూనె వేడికి పొంగుతుంది. ఒక్క లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892.6 గ్రాములే. కొన్ని ప్యాకెట్ల మీద ఆ 60 డిగ్రీలే రాసి బరువు తగ్గించేవాళ్లు. ఇక ఉష్ణోగ్రత రాయడం మానేసి లీటర్లతో పాటు బరువూ సరిగ్గా వెయ్యమని కేంద్ర ప్రభుత్వం 2022లో చెప్పింది, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. గానుగ దగ్గర డబ్బా ముంచి పోయించుకున్న మాకు ఏ డిగ్రీ నూనె అని అడగవలసిన అవసరం రాలేదు. అంచు దాకా నిండిందా లేదా, కంటికి కనపడేది.

ఇంతా చేసి, మాకు లీటరు నేర్పిన సర్కారు తాను నేర్చుకుందా? నాగార్జునసాగర్ రోడ్డు మీద వెళ్తూ చూడండి, కుతుబ్‌షాహీల నాటి మా పెద్ద చెరువు ఉంటుంది. ఇక్కడి చెరువులైనా, అవతలి నాగార్జునసాగరైనా నీళ్ల లెక్క చెప్పేది ఘనపుటడుగుల్లోనే, పెద్ద జలాశయాలకైతే టీఎంసీల్లో. అంటే శతకోటి ఘనపుటడుగులు. ఒక్క టీఎంసీ సుమారు 2,832 కోట్ల లీటర్లు. వంటింట్లో ఆడవాళ్లకు లీటరు, సాగునీటి ఇంజనీర్లకు అడుగు! భూమి ఇంకా ఎకరాలు, గుంటలే. బంగారం ఇంకా తులమే, కాకపోతే 11.66 గ్రాముల తులాన్ని గీకి గీకి పది గ్రాములు చేశారు.

నిజం చెప్పాలంటే మా రోజులూ అంత బంగారమేం కాదు. ఊరికో సేరు ఉండేదన్నది అబద్ధం కాదు. అడుగు లోపలికి నొక్కిన సోలతో పాలు పోసినవాళ్లున్నారు, నురగనే కొలిచినవాళ్లూ ఉన్నారు. కిలో అరవై రూపాయలైతే వంద గ్రాములు ఆరు రూపాయలని మా చిన్న మనవడు ఎక్కం లేకుండానే చెప్తాడు. అది కిలో గొప్పే, కాదనను. పిల్లల మందు విషయంలో అయితే మిల్లీలీటరుకే దండం పెడతాను. చిన్న చెంచా 5, పెద్ద చెంచా 15. తెలియక పెద్దది పోస్తే మూడింతలు మందు గొంతులో పడుతుంది. మందును సీసాతో వచ్చిన మూతతోనే కొలవాలి, వంటింటి గంటెతో కాదు.

నా కోపం లీటరు మీద కాదు. ఎంత పడుతుందో తెలియని గిన్నెతో కొలిచి, తర్వాత ఫోనును అడిగే అలవాటు మీద. అందుకే ఆ సాయంత్రమే అరలీటరు పాల ప్యాకెట్టు తెచ్చి అటక మీదున్న మా అమ్మ సోలలో పోశాను. రెండు సోలలు నిండి, పైన ఒక గుక్కెడు మిగిలింది. అమ్మ సోల పావు లీటరుకు జానెడు దూరం కూడా లేదన్నమాట.

మీరూ ఒకసారి చేసి చూడండి. ఇంట్లో రోజూ బియ్యం కొలిచే గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో అరలీటరు ప్యాకెట్టుతో తేల్చుకుని, అడుగున గోళ్ల రంగుతో రాసిపెట్టుకోండి. ఇక బియ్యమూ, నీళ్లూ, నూనె ఆ గ్లాసుతోనే. మా ఇంట్లో రాశాం. ఈ ఆదివారం బువ్వ పలుకు పలుకుగా వచ్చింది.