ముందు వినండి, తర్వాత బేరం

నేను రికార్డు ప్లేయర్‌ని. హెచ్.ఎం.వి. ఫియెస్టా అంటారు. మూత వేసి పిడి పట్టుకుంటే నన్ను చేత్తో మోసుకుపోవచ్చు. అడుగున అంటించిన చీటీ ఎప్పుడో చినిగిపోయింది కనుక పుట్టిన సంవత్సరం అడగొద్దు. సూరత్ నాన్‌పురాలో, తాపీ నది నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఒక సందు ఉంది. ఆ సందులోని పాత రికార్డుల కొట్లో గల్లాపెట్టె పక్కన ఉంటాను. నన్ను అమ్మరు. అడిగినవాళ్లకు సేఠ్ చెప్పే జవాబు ఒకటే: "ఇది సరుకు కాదు, తరాజు."

ఆ మాట నిజమే. ఈ కొట్లో రికార్డు వినకుండా బేరం మొదలవదు. "పహేలా సాంభళో, పఛీ భావ్ పూఛో" అంటాడు. ముందు విను, తర్వాత ధర అడుగు అని. రికార్డును ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకుని గీతలు లెక్కపెట్టే పెద్దమనుషులు రోజూ వస్తారు. కంటికి భయంకరంగా కనబడే గీత ఒక్కోసారి పాటను ముట్టుకోనే ముట్టుకోదు. కనబడీ కనబడని గీత దగ్గర మాత్రం ముల్లు ఎగిరి రెండు చరణాల అవతల పడుతుంది. తెలిసినవాళ్లు గీతల కంటే నడిమి రంధ్రం చుట్టూ చూస్తారు. అక్కడ లేబుల్ మీద ఎన్ని సన్న గాట్లుంటే రికార్డును అన్నిసార్లు నా బోటి యంత్రం మీద తడుముకుంటూ పెట్టారన్నమాట.

వినిపించి అమ్మే అలవాటు సేఠ్‌కి బొంబాయిలో అబ్బింది. కుర్రతనంలో ఫ్లయింగ్ రాణీ రైలెక్కి కాలాఘోడాలోని రిథమ్ హౌస్‌కి పోయేవాడు. అక్కడ కొనేముందు వినడానికి విడిగా గదులుండేవి. డబ్బు లేని రోజున కూడా విని రావచ్చు. 2016లో ఆ కొట్టు మూతబడింది, తర్వాత ఆ స్థలం ఒక వజ్రాల కంపెనీ చేతికి పోయింది. వజ్రాలు సానబట్టే ఊళ్లో పుట్టి వజ్రాల మీద సేఠ్‌కి ఉన్న ఫిర్యాదు అదొక్కటే.

నాకు తెలుగు ఎలా వచ్చిందో చెప్పాలి. లింబాయత్, ఉధనా వైపు నుంచి వచ్చే మగ్గం పనివాళ్ల దగ్గర నేర్చుకున్నాను. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి తరాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ పద్మశాలీలు వాళ్లు. వరంగల్ వైపువాళ్లు వచ్చేదీ పోయేదీ నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లోనే. మరమగ్గాన్ని సాంచ అంటారు. సాంచల మీద పన్నెండు గంటల పాళీ చేసి, పగార్ చేతికొచ్చిన ఆదివారం నలుగురైదుగురు కలిసి వస్తారు. వాళ్లలో ఇంట్లో ప్లేయర్ ఉన్నవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. అయినా వస్తారు. రికార్డు అట్ట మీద తెలుగు అక్షరాలు కనబడితే, కార్పొరేషన్ తెలుగు బడిలో చదివే మనవడి చేత చదివించి ముచ్చటపడతారు. సూరత్ మునిసిపల్ బడుల్లో ఏడు భాషల్లో చదువు చెబుతారు, వాటిలో తెలుగొకటి.

కొనని గిరాకీని కొట్టువాడు ఎందుకు భరిస్తాడని మీరడగొచ్చు. ఎదురింటి బట్టల దుకాణదారూ అదే అడిగాడు. సేఠ్ నవ్వి ఊరుకున్నాడు. నా ఉద్దేశం మాత్రం వేరు. కొనేవాడు సగం పాటకే ముల్లు తీయించి బేరంలో పడతాడు. కొనలేనివాడు చివరిదాకా వింటాడు. యంత్రానికి ఎవరి మీద ప్రేమ ఉంటుందో మీరే ఆలోచించండి.

ఓ ఆదివారం తెలుగువాళ్లు వస్తున్నారని దూరం నుంచే చూసి, వాళ్లను సంతోషపెడదామని సేఠ్ నా మీద ఘంటసాల భగవద్గీత పెట్టాడు. గుమ్మంలో అడుగుపెట్టిన కుర్రాడు అక్కడే ఆగిపోయాడు. "కాకా, గీత వెట్టిండ్రేంది? ఎవలన్న పోయిండ్రా?" అన్నాడు. మిగతావాళ్లు కడుపుబ్బ నవ్వారు. సేఠ్‌కి ఏమీ అర్థం కాలేదు. తెలుగూళ్లలో ఆ గొంతు మైకులో వినబడితే చావు కబురని హిందీలో విడమర్చి చెప్పాక తల పట్టుకున్నాడు. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో పోయాడు. శ్లోకమూ దాని తాత్పర్యమూ కలిపి ఆయన పాడిన ఆ రికార్డు ఆయన తర్వాత ఎన్ని లక్షల మందిని సాగనంపిందో! "ఇంట్ల వెడితే ఆడోళ్లు భయపడ్తరు సేఠ్" అని వాళ్లలో పెద్దవాడైన కాక కొనలేదు. కానీ ఆ వైపు అయిపోయేదాకా స్టూలు మీంచి లేవలేదు. రెండో వైపు తిప్పమని సైగ చేశాడు.

ఇక దాన వీర శూర కర్ణ సంగతి. 1977 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో ఎన్టీఆర్ కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తానే వేశాడు. మాటలు కొండవీటి వెంకటకవివి. ఆ మాటల రికార్డు పెడితే నా స్పీకరు పని సగం తగ్గిపోతుంది. దుర్యోధనుడి కంటే ముందే వీళ్లు అందుకుంటారు. ఒకసారి అలా సభ జరుగుతుండగా పాత సూరతీ ఒకాయన లోపలికొచ్చి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా నిలబడి విన్నాడు. అయిపోగానే, "ఇప్పుడు మాది వినండి" అని షోలే మాటల ఎల్పీ తీయించాడు. పాలిడార్ కంపెనీ వేసిన ఆ రికార్డు 1975 తర్వాత దేశమంతా మోగింది. ఠాకూర్‌గా వేసిన సంజీవ్ కుమార్ సూరత్‌లోనే పుట్టాడు. అసలు పేరు హరిహర్ జరీవాలా. ఆ ఇంటిపేరులోనే ఈ ఊరి జరీ ఉంది చూడండి. ఠాకూర్ మాట వచ్చిన ప్రతిసారీ సూరతీ పెద్దాయన గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు, గబ్బర్ మాటలు మాత్రం తెలుగువాళ్లే ముందు చెప్పేశారు. ఆ రోజు అమ్మకం సున్నా.

వీళ్లలో ఒక జాబరు ఉన్నాడు. జాబరంటే సాంచలు బిగించి మరమ్మతు చేసేవాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ మోతలో ఉండి అతని చెవులు మందగించాయి. నా గొంతు పూర్తిగా పెంచి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి వింటాడు. శంకరాభరణం ఎల్పీ తిరుగుతుంటే ఒక రోజు చెయ్యి తీసేసి, "సేఠ్, పాట నడుస్త లేదు, ఈడుస్తంది" అన్నాడు. బాలసుబ్రహ్మణ్యం గొంతులో తేడా ఏదీ దుకాణంలో ఎవరికీ తెలియలేదు. జాబరు రికార్డు అంచున చిన్న కాగితం ముక్క పెట్టి, గడియారం చూస్తూ చుట్లు లెక్కపెట్టాడు. ఎల్పీ నిమిషానికి ముప్ఫై మూడూ ఒకటి బై మూడు చుట్లు తిరగాలి. అంటే మూడు నిమిషాలకు సరిగ్గా నూరు. నాకు తొంభై ఆరే వచ్చాయి. మోటారుకూ పళ్లేనికీ నడుమ ఉండే రబ్బరు చక్రం ఎండి గట్టిపడి జారుతోంది. దాన్ని విప్పి, అంచును సన్నగా గరుకు పట్టించి, మోటారుకు నూనె చుక్క వేసి బిగించాడు. నూరు వచ్చాయి. సేఠ్ డబ్బివ్వబోతే తీసుకోలేదు. శంకరాభరణం అట్టలో పెట్టి ఇవ్వబోతే, "మా ఇంట్ల దేని మీద పెట్టాలె? ఈడనే ఉండనియ్యి" అన్నాడు. ఆ రికార్డు ఇప్పటికీ నా వెనక అరలోనే ఉంది, అమ్మకానికి లేదు.

2006 ఆగస్టులో ఉకాయి ఆనకట్ట నీళ్లు వదిలినప్పుడు ఊళ్లో ఎక్కువ భాగం మునిగింది. సేఠ్ నన్ను ఎత్తుకుని మేడ మీదికి పరుగెత్తాడు. రికార్డులన్నీ కిందే ఉండిపోయాయి. నీళ్లు తీశాక చూస్తే అట్టలన్నీ గుజ్జు. వినైల్‌కు నీటితో చెడేదేం లేదు, కానీ లేబుళ్లు బురదకు నాని చదవరాకుండా పోయాయి. తాపీ ఒండ్రు గాళ్లన్నింటిలోకీ దూరింది. నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట తిప్పి కడిగి, నీడలో ఆరబెట్టారు. తర్వాత కొన్ని నెలలు కొట్లో ఉన్నవన్నీ పేరు లేని నల్ల పళ్లేలే. వచ్చిన ప్రతి గిరాకీ ఒక్కొక్కటి తీసి నా మీద పెట్టి, ఎవరిదో పోల్చి చెప్పాలి. గుజరాతీ అమ్మలు గర్బా వినగానే అవినాశ్ వ్యాస్ అనేవారు. పక్క వీధి పార్సీ ముసలావిడ పియానో ముక్క ఒకటి విని స్వరకర్త పేరుతో సహా చెప్పింది. తెలుగువాటిని జల్లెడ పట్టింది లింబాయత్ జట్టే. ఈ దుకాణం చరిత్రలో సిసలైన వ్యాపారం ఆ నెలల్లోనే జరిగిందని నా తీర్పు. అట్ట మీది బొమ్మ చూసి కొన్నవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు కొత్త తరం వస్తోంది. తప్పేం లేదు, వాళ్ల వల్లే అద్దె కడుతున్నాం. కొందరు చెవులు నిక్కించి వింటారు, డిస్కో డాన్సర్ కోసం కొట్టుకుంటారు. కొందరు రికార్డు తిరుగుతుంటే ఫోనులో వీడియో తీసుకుని, ముల్లు ఇంకా రెండో పాటకు పోకముందే వెళ్లిపోతారు. ఇంకొందరు ఇంటి నుంచి తాతగారి 78 చుట్ల రికార్డులు తెచ్చి ఎల్పీ ముల్లు కింద పెట్టమంటారు. 78 గాడి ఎల్పీ గాడికి దాదాపు మూడింతల వెడల్పు. సన్నముల్లు దాని అడుక్కి జారి బురబురలు తప్ప పాట రాదు. నా ముల్లును తిప్పితే రెండో వైపు 78ది ఉంటుంది. అలా తిప్పి మాయాబజార్ పాట పెట్టినప్పుడు ఒక అమ్మాయి ముఖం చూడాల్సింది. బురబురలే అనుకున్న దానిలోంచి మనిషి పాడాడు మరి.

నా కోపమంతా ఒక జాతి మీద. టోకున కావాలంటారు, గీతలున్నా ఫరవాలేదంటారు, వినరు. నడిమి రంధ్రంలో ముళ్లు బిగించి గోడ గడియారాలు చేసి అమ్ముకుంటారు. సేఠ్ వాళ్లకు ఒక్కటీ ఇవ్వడు. పగిలిన రికార్డు కూడా ఇవ్వడు.

మీ ఇంటి అటక మీద రికార్డులుంటే వాటిని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకండి, బరువుకు వంగిపోతాయి. పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండ తగలనివ్వకండి. లక్కతో చేసిన 78లను స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. ఇక మీకు అక్కర్లేదనిపిస్తే వినేవాళ్లకివ్వండి. అమ్ముకున్నా మంచిదే, కానీ కొట్టువాడు వినకుండా ధర చెబితే రికార్డు తిరిగి సంచిలో పెట్టుకుని వచ్చేయండి.