నక్షాలో ఇల్లుంది, ఇంట్లో ఎవరున్నారు?

మా రోజుల్లో ఊరి నక్షా కాగితం మీద కంటే కరణం బుర్రలో ఎక్కువగా ఉండేది. ఏది పెంకుటిల్లో, ఏది తాటాకు పాకో, ఏ గుడిసెలో మంచం దిగలేని ముసలమ్మ ఉందో, ఎవరి కోడలికి నెలలు నిండాయో ఆయనకీ తలారికీ నోటికి వచ్చు. ఇవాళ కంట్రోల్ రూములో గోడంత తెర మీద రంగుల పటం పెడుతున్నారు. నీళ్లు ఎంతదాకా పాకాయో అది చెబుతుంది. ముసలమ్మ సంగతి చెప్పదు. నా బాధంతా దాని గురించే.

ఆ కాలం గొప్పదని నేననను. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమను ఉప్పెన ముంచేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి సముద్రపుటంచు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. వేలమంది పోయారు. తీగలు తెగి, దారులు కొట్టుకుపోయి, లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు వెంటనే తెలియనేలేదు. నేనప్పుడు రెవెన్యూలో చేరిన కుర్రాణ్ణి. మా చేతిలో ఉన్నవి తాలూకా పటం, సర్వే నంబర్లున్న గ్రామ నక్షాలు. పొలం గట్టు ఎక్కడుందో అవి చెప్పగలవు, మనిషి ఎక్కడున్నాడో చెప్పలేవు. చెప్పగలిగినవాళ్లు కొన్నిచోట్ల ఊరితో పాటే పోయారు. బియ్యం, బట్టల లారీలు రోడ్డు తెగినచోటే ఆగిపోయేవి. రోడ్డు పక్కవాళ్లకు అందిందే మళ్లీ అందేది. లోపలివాళ్లు మంచినీళ్లకు అల్లాడేవారు. ఎవరు ఎక్కడికి ఏం తీసుకెళ్లారో ఒకచోట రాసుకునే ఏర్పాటే లేదు.

అందుకే ఇప్పటి పనిముట్లను చూస్తే నాకు నిజంగా సంబరం. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంవాళ్లు రాడార్ ఉపగ్రహాల చిత్రాల నుంచి ముంపు పటాలు తయారుచేస్తున్నారు. మబ్బు కమ్మినా, చీకటి పడినా రాడార్ చూపు ఆగదు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు పోర్ట్-ఓ-ప్రిన్స్ నగరానికి సరైన వీధుల పటమే లేదు. దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని, ఆన్‌లైన్ పటమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో కొద్ది రోజుల్లోనే వీధులూ దారులూ గీసిచ్చారు. సహాయక బృందాలు ఆ పటాన్నే పట్టుకుని తిరిగాయి. దివిసీమ రోజుల్లో మాకు అలాంటిది ఒక్కటి దొరికి ఉంటే!

కానీ పటం చూడగానే పనైపోయిందనుకుంటున్నారే, అదే నాకు మింగుడుపడదు. మా మనవడు ఫోనులో ముంపు పటం చూపించి, "నీలం ఉన్నదంతా నీళ్లే తాతయ్యా" అన్నాడు. "ఆ నీలంలో మంచం పట్టినవాళ్లు ఎంతమంది ఉన్నార్రా?" అని అడిగాను. "అది ఇందులో ఉండదు తాతయ్యా" అన్నాడు. ఎందుకుండకూడదు?

పటం మీద సాయం కావాలనే గుర్తు పడాలంటే ఎవరో ఒకరు ఫోన్ చెయ్యాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కొట్టినప్పుడు కరెంటూ పోయింది, ఫోన్లూ మూగబోయాయి. అంత పెద్ద నగరంలోనే అలా ఉంటే ఏటిగట్టు పాకల గతేమిటి? గుర్తు లేనిచోట అవసరం లేదనుకుంటే ఘోరం జరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్న చోటే నోరు మూతబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు. మంచి పని, చేతులెత్తి దండం పెట్టాను. అయినా లోపలి సందులవాళ్లు మాకేమీ రాలేదని మొత్తుకుంటూనే ఉన్నారు.

అలాంటి సందు సందూ ఎరిగిన కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. వంశపారంపర్యపు పెత్తనం, పోవడమే న్యాయం. దాంతో పాటు ఊరి జ్ఞాపకం కూడా పోనిచ్చాం, అది అన్యాయం. ఆ జ్ఞాపకం ఇప్పుడు ముక్కలుముక్కలుగా ఉంది. గర్భిణుల వివరాలు ఆశా కార్యకర్త దగ్గర, పసిపిల్లలవి అంగన్‌వాడీలో, ముసలివాళ్లవీ వికలాంగులవీ పింఛను జాబితాలో. అద్దెకున్నవాళ్లు, ఇటుక బట్టీల్లో పనికి వలసొచ్చినవాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు. పటం గీసేవాడు ఒక ఆఫీసులో, రిజిస్టరు రాసేవాళ్లు ఇంకో ఆఫీసులో. నీళ్లొచ్చిన రాత్రి వీటిని కలపాలంటే కుదురుతుందా?

ఎండాకాలంలోనే కలపాలి. ఆశా కార్యకర్తనూ, వీఆర్వోనూ, పడవ నడిపే బెస్తవాణ్ణీ ఒకచోట కూర్చోబెట్టి ఇల్లిల్లూ గుర్తించాలి. మంచం పట్టినవాళ్లెవరు, ఇన్సులిన్ ఎవరికి కావాలి, పడవ ఎవరి దగ్గరుంది, ఈత ఎవరికొచ్చు, ఏ కల్వర్టు ముందు మునుగుతుంది, అన్నీ రాయాలి. ఇళ్ల గుట్టు కాబట్టి గోడకు అంటించకుండా గ్రామ సచివాలయం బీరువాలో భద్రంగా పెట్టాలి. కరెంటు లేకపోయినా చదువుకునేలా కాగితం మీద అచ్చు వేయించాలి. ఏటా వానలు రాకముందే దాన్ని తిరగరాసి, పడవ ఎక్కేవాడి చేతికి ఒక ప్రతి ఇవ్వాలి.