తొట్టి లేని నౌకలు

నేను చేసిన అంతరిక్ష నౌకల్లో ఏ ఒక్కదాంట్లోనూ నీళ్లకు చోటు లేదు. మిలిట్రీలో ఉన్నన్నాళ్లూ నౌకలు చేశాను, పింఛను పుచ్చుకుని గోరంట్ల చేరాకా చేస్తూనే ఉన్నాను. ఇంజన్లు పెట్టాను, ఫిరంగులు పెట్టాను, రాడార్లు పెట్టాను, నేల మీద దిగడానికి కాళ్లు పెట్టాను. లోపలుండే మనుషులు ఏం తాగుతారో మాత్రం ఎప్పుడూ తలచుకోలేదు. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే కనిపించే చిత్రావతి పక్కన పుట్టినవాణ్ని. ఇంకెవరైనా మరిచిపోతే పొరపాటు అనుకోవచ్చు. నేను మరిచిపోవడం తెలివితక్కువతనం. దాని వెనక అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆ రెండూ చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను.

ఈ పిచ్చి నాకు 1984 ఏప్రిల్‌లో పట్టింది. స్క్వాడ్రన్ లీడర్ రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో పైకి వెళ్లి, సల్యూత్-7 కేంద్రంలో గడిపి, దాదాపు ఎనిమిది రోజులకు తిరిగొచ్చాడు. ఊళ్లో రేడియో చుట్టూ మూగి ఆ వార్తలు విన్నాం. ఆయన ఫౌజీ అన్న మాట నా మనసులో నాటుకుపోయింది. నేనూ సైన్యంలో చేరాను. ఆయనలా విమానం నడిపేంత చదువు లేదు కాబట్టి బండ్లూ ట్యాంకులూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో పడ్డాను. సికింద్రాబాద్ ఈఎంఈ సెంటర్‌లో ఆకురాయి పట్టడం, డ్రిల్లు వేయడం, వెంట్రుకవాసి తేడా రాకుండా కొలవడం నేర్చుకున్నాను.

ఆ కాలంలోనే దూరదర్శన్‌లో ఆదివారాలు స్టార్ ట్రెక్ వచ్చేది. బారక్‌లో మిగతావాళ్లు కథ చూసేవాళ్లు, నేను ఎంటర్‌ప్రైజ్ నౌకను చూసేవాణ్ని. దాన్ని గీసిన మ్యాట్ జెఫ్రీస్ రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల్లో పనిచేసిన సైనికుడని చాలా కాలం తర్వాత చదివాను. నౌక పైభాగం నున్నగా ఉండాలని ఆయన పట్టుబట్టాడు. యంత్రాలన్నీ లోపల ఉంటే, మెకానిక్ బయటి శూన్యంలోకి పోకుండానే మరమ్మతు చేసుకోవచ్చని ఆయన ఆలోచన. అంతరిక్ష నౌకను రేపు పొద్దున రిపేరుకొచ్చే బండిగా చూసిన మనిషి! ఆయన మీద నాకున్న గౌరవం ఈనాటికీ తగ్గలేదు.

మోడల్ కిట్లు అప్పట్లో మన దగ్గర దొరికేవి కావు, దొరికినా జవాను జీతానికి అందేవి కావు. టూత్‌పేస్టు మూతలు, రీఫిళ్లు, ఫిల్ము రోలు డబ్బాలు, పాత స్విచ్చులు పోగుచేసేవాణ్ని. 1977 నాటి స్టార్ వార్స్ కోసం నౌకలు కట్టినవాళ్లు కూడా దుకాణంలో దొరికే ట్యాంకుల, విమానాల కిట్లు విప్పి, ఆ ముక్కలనే తమ నౌకల ఒంటి నిండా అతికించారు. చిన్న చిన్న పైపులు, మూతలు, గాడులు ఎక్కువయ్యేకొద్దీ నౌక పెద్దదిగా తోస్తుంది. అరచేతిలో పట్టేది ఆకాశమంత కనిపిస్తుంది. ఆ కిటుకు తెలిశాక ఫెవిక్విక్, ఎం-సీల్, ఎనామిల్ పెయింటు నా కిట్‌బ్యాగులో బూటు పాలిష్ పక్కన చేరిపోయాయి. తయారైన నౌకలను స్వెట్టర్లలో చుట్టి ఇనప ట్రంకులో పెట్టి, పోస్టింగు మారినప్పుడల్లా వెంట మోసుకుపోయాను.

ఊళ్లో డ్రిప్పు సేద్యం వచ్చాక సామానుకు కొదవే లేకపోయింది. సెలవులో ఇంటికొస్తే చేన్లోనే దొరికేది. చిల్లులు పడ్డ లాటరల్ పైపులు, పూడిపోయిన డ్రిప్పర్లు, ఫిల్టరు జాలీలు ఏరుకునేవాణ్ని. నీళ్లలో ఎరువు కలిపే వెంచురీ నడుము దగ్గర సన్నబడి మళ్లీ విప్పారుతుంది. రాకెట్ నాజిలుదీ అదే తీరు కాబట్టి దాన్ని ఇంజను చేశాను. స్ప్రింక్లర్ నాజిళ్లు ఫిరంగులయ్యాయి. నేను అన్నిటికన్నా ముచ్చటపడి చేసుకున్న పెద్ద నౌక అంతా చేన్లో సామానే.

ఒక ఎండాకాలం మా తమ్ముడు స్ప్రింక్లరుకు నాజిలు కావాలని ఇల్లంతా వెతుకుతూ ఆ నౌకను చేతిలోకి తీసుకున్నాడు. సేద్యం చేసేవాడు కాబట్టి పైపు కనిపిస్తే అది యాడ మొదలై యాడికి పోతుందో చూస్తాడు. వేలితో ఒక్కో పైపు వెంబడే పోయాడు.

"అన్నా, ఇన్ని పైపులు పెట్టినావు, ఇన్ని నాజిళ్లు పెట్టినావు, తొట్టి యాడుంది?"

అవి ఫిరంగులురా అని చెప్పాను.

"ఫిరంగులే అనుకో. లోపల మనుషులుండారు కదా. వాళ్లకన్నా కావల్ల కదా నీళ్లు?"

ఎగతాళికి అడగలేదు వాడు. కొత్తగా చెట్లు పెట్టే ముందు ఏ రైతైనా వేసుకునే ప్రశ్నే వేశాడు. నా దగ్గర జవాబు లేదు. పాత నోటు పుస్తకాల్లోని గీతలన్నీ తీసి చూశాను. మందుగుండు గది ఉంది, కెప్టెన్ గది ఉంది, కొన్నిట్లో జెండా పెట్టే చోటు కూడా ఉంది. తొట్టి ఎక్కడా లేదు.

తెలియక జరిగింది కాదిది. అనంతపురం సీమలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. నైరుతి మేఘాల తడినంతా పడమటి కనుమలు లాగేసుకుంటాయి, ఈశాన్య రుతుపవనం ఇంత లోపలికి వచ్చేసరికి నీరసిస్తుంది. మా ఇంట్లో స్నానం చేసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయేవి, బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి పోయేవి. ఒకసారి వాడి పారబోసిన నీళ్లు అనేవి మా అమ్మ ఎరగదు. సైన్యంలోనూ అంతే. ఎక్కడ క్యాంపు వేసినా ముందు తేల్చుకోవాల్సింది వాటర్ పాయింటు. ఎడారి విన్యాసాల్లో ట్యాంకుల వెనకే నీళ్ల బౌజరు కదిలేది. లద్దాఖ్ ఎత్తుల్లో మంచును కిరోసిన్ స్టవ్ మీద కరిగించుకుని తాగాం. ఇన్ని తెలిసిన నా చేతులు నీళ్లు లేని నౌకలు ఎందుకు కట్టాయి?

సిగ్గు వల్ల. ఇదే నేను చెప్పదలచుకున్న అసలు తప్పు. నీళ్ల కరువును మా ఊరి లేమిగానే చూశాను. ఆ లేమితో కాపురం చేయడంలో ఒక విద్య ఉందని గుర్తించలేదు. బిందెలు, బొక్కెనలు, బోరు లోతుల ఊసు లేని చోటు ఆకాశమొక్కటే అనుకుని అక్కడికి పారిపోయాను. 1981లో ఇస్రో యాపిల్ ఉపగ్రహాన్ని ఎద్దుల బండి మీద నిలబెట్టిన ఫొటో చూసినప్పుడు కూడా నాకు చిన్నతనంగానే అనిపించింది. యాంటెన్నా పరీక్షకు లోహపు బండి అడ్డం వస్తుందనీ, అందుకే కావాలని కొయ్య బండిని ఎంచుకున్నారనీ తర్వాత తెలిసింది. మన పల్లె వస్తువే ఆ పనికి సరైన పరికరమని ఆ ఇంజనీర్లు కనిపెట్టారు. నేను మాత్రం మా ఇంటి పరికరాలన్నిటికీ రంగు పూసి, వాటి అసలు పనిని దాచిపెట్టాను.

అంతరిక్షంలో నిజంగా బతుకుతున్నవాళ్ల సంగతి చదివితే నా తెలివితక్కువతనం ఇంకా బాగా అర్థమైంది. అక్కడ మనిషికి రోజుకు తాగడానికి, వంటకు, శుభ్రానికి కలిపి 4 లీటర్లకు కాస్త తక్కువ కావాలి. నలుగురు రెండున్నరేళ్లు అంగారకుడి దాకా పోయి రావాలంటే 13 టన్నులకు పైమాటే. మన ఎల్‌వీఎం-3 రాకెట్ భూమికి దగ్గరి కక్ష్యకు మోయగలిగేది దాదాపు 8 టన్నులు. అన్ని నీళ్లు మోసుకుపోవడం ఎవరి తరమూ కాదు గనుక, చెమటనూ ఊపిరిలోని తడినీ మూత్రాన్నీ శుద్ధిచేసి మళ్లీ తాగుతారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఇలా 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగామని 2023లో నాసా ప్రకటించింది. మా అమ్మ పెరట్లో చేసిన పనికి అది చివరి మెట్టు. 2008లో వెళ్లిన మన చంద్రయాన్-1 పనుల్లో నీళ్ల జాడ వెతకడం ఒకటి, ఆ జాడ దొరికిందని మరుసటేడు లోకమంతా సంబరపడింది. ఆ ఏడు నేను కొత్త నౌకకు ఫిరంగులు అతికిస్తూ ఉన్నాను.

నీళ్ల పాఠానికి అంత పైకి పోనక్కర్లేదు, కడప జిల్లా పోరుమామిళ్లలో అక్కడి చెరువు గురించి 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు 12, ఉండకూడని దోషాలు 6 అని అందులో వివరంగా చెక్కించాడు. నీటి శాస్త్రం తెలిసినవాడు దగ్గరుండాలన్నది అంగాల్లో ఒకటి. గట్టు ఊరడం ఒక దోషం, నేల చవుడు కావడం ఒక దోషం. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీళ్లు ఎక్కువ కావడం రెండూ దోషాలే. నౌకలో కారే కీలు, నీటిని పాడుచేసే లోహం, మనుషులకూ తొట్టికీ కుదరని కొలత అని చదువుకుంటే ఈ దోషాలన్నీ అంతరిక్షంలోనూ దోషాలే. సీమ రాతి మీద ఆరున్నర శతాబ్దాలుగా ఈ లెక్క ఉండగా, నేను లెక్కల కోసం హాలీవుడ్ వైపు చూశాను.

ఇప్పుడు చేస్తున్న నౌకను తొట్టితో మొదలుపెట్టాను. తొట్టి వలయంగా ఉంటుంది, మనుషుల గదులు దాని నడుమ ఉంటాయి. అంతరిక్షంలోని రేడియేషన్‌ను ఆపడానికి నీళ్లు మంచి కవచం కాబట్టి తాగే నీళ్లే వాళ్లకు గోడ. స్నానపు గది నుంచీ వంటింటి నుంచీ వేరే పైపు శుద్ధి యంత్రానికి పోతుంది. డ్రిప్పర్లు లోపలి ఆకుకూరల మడికి నీళ్లిస్తాయి. ఫిరంగులు తీసేసి ఆ బరువు నీళ్లకిచ్చాను. జీవితమంతా ఆయుధాలను బాగుచేసినవాణ్ని, ఈ మార్పు తేలిగ్గా చేయలేదు.

బడి పిల్లలు నౌకలు చేయడం నేర్పమని వస్తుంటారు. ముందు వాళ్ల చేత లెక్క వేయిస్తాను. ఎంతమంది పోతారు, ఎన్ని రోజులు, ఎన్ని నీళ్లు, అందులో ఎన్ని మళ్లీ చేతికొస్తాయి? మా పిల్లలు ఈ లెక్కలో తడబడరు. ఇంట్లో రోజూ చూసేదే కదా. మీ ఇంట్లో అమ్మానాన్నలకు తెలిసిన ఈ సంగతి రేపు అంగారకుడికి పోయేవాళ్లకు కావాల్సిన విద్య అని వాళ్లకు గట్టిగా చెబుతున్నాను. వాళ్ల వయసులో నాకు ఆ మాట చెప్పినవాళ్లు లేరు, చెప్పినా వినే బుద్ధి అప్పుడు నాకు లేదు. ఈ పిల్లలు సిగ్గుపడాల్సిన పని లేదు.