వేలిముద్రల సారు సంసారం

ప్రొద్దుటూరులో నన్ను పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ‘ఏలిముద్రల సారు ఇల్లు యాడ?’ అంటే చిన్నపిల్లోడు కూడా చూపిస్తాడు. బంగారు అంగళ్ల ఊరు కాబట్టి సర్వీసులో ఉన్నన్నాళ్లూ చేతికి పని కరువు రాలేదు. అంగడి గాజుపెట్టె మీద దొంగ వేలు తాకినచోట అల్యూమినియం పొడి అద్ది, మెత్తటి బ్రష్షుతో ఊరికే అలా తడిమితే గీతలు పైకి తేలతాయి. నేను రిటైరైనాను గానీ నా కండ్లు రిటైర్ కాలేదు. ఇంట్లో బెల్లం డబ్బా తెరవాలన్నా ముందు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, పక్క నుంచి వెలుతురు పడేట్టు వంచి, నాకంటే ముందు దాన్నెవరు తెరిచినారో చూసిగానీ మూత తియ్యను.

ఈ జబ్బు పెండ్లిచూపుల నాడే బయటపడింది. అత్తగారిది జమ్మలమడుగు. అమ్మాయి స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చిచ్చింది. నేను తల ఎత్తకుండా గ్లాసు వైపే చూస్తుంటే పిల్లోడు బుద్ధిమంతుడని అందరూ సంబరపడినారు. నేను చూస్తాండేది ఆమె బొటనవేలు గ్లాసు మీద వదిలిన ముద్ర. చక్కని చక్రం, నడిమధ్య చెక్కుచెదరకుండా పడింది. అంత మంచి ముద్ర ఏ కేసులోనూ నాకు దొరకలేదు. మా అత్తగారు కనిపెట్టింది. ‘అల్లుడు శంఖచక్రాలు లెక్కబెడతాండాడే, శాస్త్రం తెలిసినోడు!’ అని మురిసిపోయింది. నూటికి అరవైకి పైగా వేళ్లకు శంఖాలే ఉంటాయనీ, చక్రాలు ముప్పై చిల్లర మాత్రమేననీ నేను వివరించబోతే మా నాయన నా కాలు తొక్కినాడు.

పెండ్లయిన కొత్తలో భార్యను మెప్పించాలని నా వృత్తి చరిత్రంతా చెప్పేవాణ్ణి. ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పుట్టింది 1897లో మన కలకత్తాలో. పదివేళ్ల గుర్తులను లెక్కగట్టి 1024 గూళ్లలో సర్దే సూత్రం తయారుచేసినవాడు అజీజుల్ హక్. ఆయనకు తోడు హేమచంద్ర బోస్. పేరు మాత్రం పైఅధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది, ఇప్పటికీ దాన్ని హెన్రీ పద్ధతే అంటారు. ఇదంతా నేను ఆవేశంగా చెబితే ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, ‘పని ఒకరిది, పేరు ఇంకొకరిది. మనింట్లో మాదిరే’ అని చేట ఎత్తుకొని లోపలికి పోయింది.

ఆ తర్వాత ఇంట్లో నేను పట్టుకున్న ప్రతి కేసులోనూ ఒక విచిత్రం జరిగింది. ఏ-1 ఎవరైనా కానీ, ఏ-2 మాత్రం మా ఆవిడే.

మచ్చుకు ఒకటి చెబుతాను. మావాడు ఇంటర్లో ఉండగా ట్యూషన్ అని పోయి పొద్దుగూకినాక ఇల్లు చేరినాడు. ప్యాంటు అంచు మడతలో పల్లేరుకాయలు, చెప్పుల సందుల్లో ఎర్రటి రాతిపొడి. లియోన్‌లో 1910లో ప్రయోగశాల పెట్టిన ఎడ్మండ్ లొకార్డ్ చెప్పిన సూత్రం మావాళ్లకు వేదం: రెండు వస్తువులు తాకినాయంటే ఒకదానిది ఇంకొకదానికి అంటక తప్పదు. ట్యూషన్ సారు ఇంటి ముందర నాపరాళ్లు పరిచినారు, పల్లేరు మొలవదు. నేను కుర్చీలో వెనక్కి వాలి, ‘గండికోట ఎట్లుంది నాయనా?’ అన్నాను. వాడు నా వైపు చూడలేదు, వాళ్లమ్మ వైపు చూసినాడు. బస్సు ఛార్జీలు ఇచ్చిందీ, చిత్రాన్నం కట్టిచ్చిందీ ఆమేనట. ‘పెన్న లోయ చూసొస్తానన్నాడు, పంపిచ్చినా. మీకు చెప్తే ఎఫ్ఐఆర్ రాస్తారని చెప్పలా’ అంది. చిత్రాన్నం మిగిలింటే నాకూ కొంచెం పెట్టింది. సాక్ష్యాన్ని తినేసినాక ఇంక కేసేముంది?

పులివెందుల సంగతి మాత్రం తేలిగ్గా తేలలేదు.

అమ్మాయికి అక్కడ సంబంధం కుదిరేట్టుంది. పిల్లోడు చదువుకున్నవాడు, సొంత తోటలున్నాయి, ఇల్లు బాగుంది. భోజనాలయినాక పిల్లోడు చేతులు తుడుచుకొని తువ్వాలు కుర్చీ మీద వేసి పోయినాడు. దాని అంచున ముదురు గోధుమరంగు మరకలు. నీళ్లలో ఎన్నిసార్లు ఉతికినా పోని మరకలని చూడగానే తెలుస్తుంది. కొన్ని చుక్కలుగా, ఒకటి పొడవుగా కారినట్టు. చొక్కా మోచేతి దగ్గర కూడా ఒకటుంది. కడప జిల్లాలో పనిచేసినోడికి ఆ రంగు చూస్తే మొదట ఏ ఆలోచన వస్తుందో నేను చెప్పనక్కర్లేదు. బిడ్డ తండ్రిని కదా!

నా జేబులో ఎప్పుడూ ఒక ఫిల్టర్ పేపర్ ముక్క ఉంటుంది. కొందరి జేబులో తులసాకు ఉండదూ, అట్ల. తాగేనీళ్లతో దాన్ని తడిపి మరక మీద రుద్దినాను. ఇంటికి తీసుకుపోయి ఫినాఫ్తలీన్ బొట్టు, దానిమీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే, రక్తమైతే సెకన్లలో గులాబీరంగు తిరుగుతుంది. ఒక చిక్కుంది: కొన్ని మొక్కల రసాలకూ అదే గులాబీ తిరుగుతుంది. ఆ పరీక్ష అనుమానాన్ని మొదలుపెట్టేదే గానీ తీర్చేది కాదు. శిక్షణలో కుర్రోళ్లకు ఈ మాట నేనే చెప్పేవాణ్ణి. ఇంతలో పిల్లోడి తండ్రి తాంబూలం పళ్లెంతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయినాడు. కాబోయే వియ్యంకుడు తన కొడుకు తువ్వాలును ముక్కు దగ్గర పెట్టుకొని, కండ్లద్దాలు పైకెత్తి, అంచు వెంబడి వేలితో తడుముతాంటే ఏ తండ్రి అయినా ఏమనుకుంటాడు?

‘ఏందన్నా, తువ్వాలు అంత బాగుందా?’ అన్నాడు పాపం, మర్యాదకు.

మా ఆవిడ అందుకుంది. ‘వాళ్లింట్లో తువ్వాలు ఎక్కడ కొనిందీ కనుక్కోమని నేనే చెప్పినా అన్నా, నేత బాగుంది.’ అంత అబద్ధం అంత సాఫీగా ఆడిన సాక్షిని నేను ఏ కోర్టులోనూ చూడలేదు. కారెక్కినాక అసలు తీర్పు వచ్చింది. ‘అది అరటి కర. గెల కొట్టేటప్పుడు కారుతుంది, సచ్చినా పోదు. పులివెందుల్లో అరటితోట ఉండే ఇంట్లో కర లేని బట్ట కనపడితే అప్పుడు అనుమానపడాల, పిల్లోడు తోట మొగం చూడడని. మనం చూసేది కష్టపడే పిల్లోణ్ణి.’

నిపుణుడి మాట వినదగిన అభిప్రాయమేనని సాక్ష్యచట్టం 45వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అది 39వ సెక్షన్ అయింది. నేను కారులో రెండింటినీ ఉదహరించలేదు. పెండ్లి జరిగింది. అల్లుడు బంగారం. పండక్కి వచ్చినప్పుడల్లా ఒక గెల, బస్తాడు చీనీకాయలు, వాటితో పాటు ఒక కొత్త తువ్వాలు తెస్తాడు. వియ్యంకుడు ఇప్పటికీ నాకు తువ్వాళ్ల పిచ్చి అనుకుంటాండాడు. బీరువాలో ఒక అర నిండిపోయింది.

రిటైరైనాక ఇంటిపనిలో చెయ్యి వేద్దామని గిన్నెలు తోమే బాధ్యత తీసుకున్నాను. సంగటి అడుగంటిన గిన్నె తోమినోడికి తెలుస్తుంది, ఉద్యోగం ఎంత సుఖమో. నేను తోమినవాటిని మా ఆవిడ మళ్లీ వెలుతురుకు పట్టి చూస్తుంది, నా పద్ధతిలోనే. ఆ తోముడు ఫలితం పెన్షన్ కోసం బతికున్నట్టు సర్టిఫికెట్ ఇవ్వబోయినప్పుడు తెలిసింది. ఆ సెంటరులో కుర్రోడు వేలు పెట్టమన్నాడు. యంత్రం ఒప్పుకోలేదు. ఇంకో వేలు. ఊహూ. ‘తాతా, వేలు తుడుచుకొని గట్టిగా నొక్కు’ అన్నాడు, నాతో! తల్లికడుపులో పడిన గీతలు కాటికి పోయేదాకా మారవనీ, పైతోలు లేచిపోయినా మళ్లీ అవే మొలుస్తాయనీ, వయసుకు తోలు బిగి సడలి అరిగినప్పుడు యంత్రం చదవలేదేగానీ గీతల తప్పేమీ లేదనీ నేను ఉపన్యాసం అందుకున్నాను. వెనక వరసలో ఉన్న పెన్షనర్లు ఒక్కొక్కరే తమ వేళ్లు చూసుకోవడం మొదలుపెట్టినారు.

‘అంత తెలిసినోడివి, నీ ఏలు నీకే పలకలేదే!’ అన్నాడు ఒక పెద్దాయన.

కుర్రోడికి ఓపిక ఎక్కువ. 2021 నుంచి మొగం చూపించి కూడా ఇవ్వొచ్చని చెప్పి, ఫోన్ కెమెరా నా మీదికి తిప్పినాడు. ‘కదలాకు తాతా. కండ్లు ఒకసారి మూసి తెరువు.’

నేను కదలకుండా, ఉన్నంత పొడుగూ సాగి, కండ్లు ఇంతింత చేసుకొని చూస్తాండా. పచ్చగీత రాలేదు. ‘తాతా, మూయాల’ అన్నాడు మళ్లీ.

వెనక కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చున్న మా ఆవిడ అంది: ‘తెరిచేది ఆయనకు బాగా వచ్చు నాయనా. ఆ మూసేదే ఇన్నేండ్లుగా నేర్పిస్తాండా.’