తినకండి, రాసుకోండి

నా ఒంట్లో ఎక్కువ భాగం ఎవరి కంటా పడదు. పచ్చిక అడుగున, కుళ్లుతున్న గడ్డిలో సన్నటి తెల్లని పోగులుగా అల్లుకుని బతుకుతాను. నాలుగు మంచి వానలు పడి నేల నానితే పార్కుల్లోనూ అపార్ట్‌మెంట్ల ముందున్న లాన్లలోనూ పళ్లెమంత గొడుగు విప్పుతాను. మీరు పుట్టగొడుగనేది దాన్నే. పుస్తకాల్లో నా పేరు క్లోరోఫిల్లం మాలిబ్డైటిస్. నన్ను తొలిసారి వర్ణించి 1818లో గ్రంథస్థం చేసింది గేయార్గ్ మేయర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త. వేడి దేశాల పట్నాలన్నిటికీ నేను పాత కాపునే. ఉత్తర అమెరికాలో పుట్టగొడుగులు తిని కడుపు పాడుచేసుకునేవాళ్లలో నా బాధితులే అందరికన్నా ఎక్కువ. తిన్న గంటకో మూడు గంటలకో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంత చెడ్డపేరు మోస్తున్నదాన్ని గనకే ఈ మాట చెప్పే అర్హత నాకుందనుకుంటాను: నగరంలో పుట్టగొడుగులు వెతికే ఔత్సాహికులు మొదట అడగాల్సింది "ఇది తినొచ్చా?" అని కాదు. ఆ ప్రశ్నతో వచ్చినవాళ్లు నన్ను తినడంలో పొరబడటం అటుంచి, అసలు నన్ను సరిగ్గా చూడనే చూడరు.

ఎలాగంటారా? నా గొడుగు తెల్లన, దాని మీద గోధుమరంగు పొలుసులు, నడినెత్తిన అదే రంగు మచ్చ. కాడకు ఉంగరం ఉంటుంది, వేలితో పైకీ కిందికీ జరపొచ్చు. గొడుగు కింద వరసగా పేర్చినట్టుండే గిల్స్ లేత వయసులో తెల్లగా ఉంటాయి. యూరప్‌వాళ్లు ఇష్టంగా వేయించుకు తినే పారాసోల్ పుట్టగొడుగుకూ ఇవన్నీ ఉన్నాయి. ఆకలితో వచ్చినవాడు పోలికలే వెతుకుతాడు. మూడు కలిస్తే చాలనుకుని నాలుగోది చూడడు. ఆ నాలుగోది చూడాలంటే ఒక రాత్రి ఆగాలి. గొడుగును కోసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద గిల్స్ కిందికి వచ్చేలా పెట్టి, గిన్నె బోర్లించి వదిలేస్తే తెల్లారేసరికి సిద్ధబీజాలు పొడిగా రాలి ఉంటాయి. పారాసోల్ పొడి తెల్లన. నాది మాసిన ఆకుపచ్చ. గిల్స్ ఉన్న పుట్టగొడుగుల్లో ఆకుపచ్చ పొడి రాల్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ముదిరాక నా గిల్స్ కూడా బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి గానీ, కూరకు లేతవే బాగుంటాయనుకునేవాడికి ఆ రంగు చూసే అవకాశం ఏదీ?

తినడానికి కాక తెలుసుకోవడానికి వచ్చినవాళ్లు ఇంకో పని కూడా చేస్తారు. కాడను పైన తుంచరు, మొదలంటా తవ్వి తీస్తారు. చెదపుట్టల మీద మొలిచే తినే రకాలకు కాడ వేరులా సాగి పుట్ట లోపలికి పోతుంది, వాటి పొడి గులాబీ రంగులో ఉంటుంది. నా కాడ గడ్డిలోనే ఉబ్బి ఆగిపోతుంది. పైనుంచి తీసిన ఒక్క ఫోటో చూసి పేరు చెప్పే ఫోన్ యాప్ ఉండగా ఇంత తతంగం దేనికంటారు. యాప్‌ను నేను తీసిపారెయ్యను. ఎక్కడ వెతకాలో అది దారి చూపిస్తుంది. కానీ పొడి రంగు, వాసన, కాడ మొదలు, పక్కనున్న చెట్టు ఏదో ఆ ఫోటోలో లేనప్పుడు, యాప్ చెప్పింది పేరు కాదు, ఒక అంచనా.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. తరతరాలుగా పల్లెల్లో, అడవి అంచు గూడేల్లో ఏ మైక్రోస్కోపూ లేకుండానే ఏరుకు తింటున్నారు కదా, వాళ్లకేమైంది? నిజమే, ఆ జ్ఞానం చిన్నదేం కాదు. అయితే అది ఫలానా పుట్టకు, ఫలానా కార్తెకు, ఫలానా నేలకు ముడిపడిన జ్ఞానం. నేల మారితే అదే మోసం చేస్తుంది. వరిగడ్డి పుట్టగొడుగు తిని పెరిగిన ఆగ్నేయాసియా కుటుంబాలు కాలిఫోర్నియాలో డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగును అదేననుకుని వండుకున్నాయి. లేతప్పుడు రెండూ గుడ్డులాంటి సంచిలోంచే పుడతాయి మరి. డెత్ క్యాప్ నాలాంటిది కాదు, ఆరు నుంచి పన్నెండు గంటల దాకా ఏమీ తెలియనివ్వదు, తర్వాత కాలేయాన్ని తినేస్తుంది. 2012 జనవరిలో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో దాన్ని తిన్నవాళ్లలో ఇద్దరు చనిపోయారు. వరిగడ్డి పుట్టగొడుగు రుచి తెలిసి ఆ దేశాలకు వెళ్లే తెలుగువాళ్లకూ ఈ ప్రమాదం ఉంది. వరిగడ్డి రకం పొడి గులాబీ రంగు, డెత్ క్యాప్ పొడి తెలుపు. మళ్లీ కాగితమే తేలుస్తుంది, నాలుక కాదు.

మరి తినని పుట్టగొడుగు పేరుతో ఊరికి ఒరిగేదేమిటి? కెనడాలోని వాంకూవర్ చూడండి. యూరప్‌కు చెందిన డెత్ క్యాప్, వాంకూవర్ ఉన్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1997లో తొలిసారి ఒక చెస్ట్‌నట్ చెట్టు కింద కనబడింది. 2008లో వాంకూవర్ నగర వీధుల్లోకి వచ్చింది. అక్కడి మైకలాజికల్ సొసైటీకి, అంటే పుట్టగొడుగుల అధ్యయన సంఘానికి చెందిన పాల్ క్రోగర్ లాంటివాళ్లు వీధి వీధీ తిరిగి, ఏ చెట్టు కింద మొలిచిందో పటం మీద గుర్తుపెడుతూ పోయారు. దశాబ్దాల కిందట నాటిన హార్న్‌బీమ్ చెట్ల వేళ్లతో అది దిగుమతయిందని ఆ పటం వల్లే స్పష్టమైంది. ఇంకే వీధుల్లో రావచ్చో ముందే చెప్పగలిగారు. 2016లో అదే రాష్ట్రంలోని విక్టోరియాలో మూడేళ్ల పిల్లవాడు డెత్ క్యాప్ తిని చనిపోయాక, ఇది కాలక్షేపం కాదని ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంగ్లండ్‌లో సాలిస్‌బరీ చుట్టుపక్కల ఎడ్వర్డ్ గాంజ్ అనే ఔత్సాహికుడు 1950 నుంచి అర్ధశతాబ్దానికి పైగా ఏ రకం ఏ రోజు మొలిచిందో రాసుకుంటూ పోయాడు. 315 రకాలు, 52 వేలకు మించిన నమోదులు. శాస్త్రవేత్త అయిన ఆయన కొడుకు, మరికొందరు వాటిని విశ్లేషించి 2007లో ప్రచురిస్తే తేలిందేమిటంటే, శరదృతువులో పుట్టగొడుగులు మొలిచే కాలం సగటున 33 రోజుల నుంచి 75 రోజులకు పెరిగింది. వాతావరణం మారుతోందనడానికి అది బలమైన సాక్ష్యం. ఏ విశ్వవిద్యాలయమూ అన్నేళ్లు జీతమిచ్చి ఆ పని చేయించదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 400కు పైగా రకాలు లెక్కకొచ్చాయన్నా, ఆ నగరపు మైకలాజికల్ సొసైటీని 1962లో తిరిగి నిలబెట్టినవాళ్లలో జాన్ కేజ్ అనే సంగీతకారుడున్నాడన్నా, ఈ రంగం మొదటినుంచీ జీతగాళ్ల కన్నా ఇష్టపడినవాళ్ల మీదే నడుస్తోందని ఒప్పుకోవాలి.

ఇంతమంది కోసుకుపోతే మీ జాతి మిగులుతుందా అని జాలిపడేవాళ్లున్నారు. స్విట్జర్లాండ్‌లో దాదాపు 30 ఏళ్లు గమనించి చూస్తే కోయడం వల్ల తర్వాతి కాపు తగ్గలేదు. నేల తొక్కిన చోట మాత్రం మొలిచేవి తగ్గాయి. కనక కోసినందుకు బాధ లేదు, గుంపుగా వచ్చి నా పోగుల మీద నడవకండి, చాలు.

చివరి అభ్యంతరం నిపుణులది: ఔత్సాహికులు పేర్లు తప్పు రాస్తారని. రాస్తారు. అందుకే పేరొక్కటే రాసి ఊరుకోకూడదు. నా గొడుగు ముక్కనొకదాన్ని ఆరబెట్టి, కాగితం పొట్లంలో పెట్టి, తేదీ, చోటు, పక్కనున్న చెట్టు, పొడి రంగు దాని మీద రాసి ఉంచితే, ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో డీఎన్‌ఏ చదివి ఆ తప్పు దిద్దుతారు. వేయించుకు తిన్న ముక్కకు ఆ వీలు లేదు.