ఒక కేబుల్ సూత్రానికి బధిరజీవాతు వ్యాఖ్య

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, కాళిదాసు వాక్కు చెడ్డ వ్యాఖ్యల విషం తగిలి మూర్ఛపోయిందని నొచ్చుకుని, దాన్ని లేపడానికి సంజీవని రాశాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట ఇవ్వగలడు. రెండోది కష్టం, ఇక్కడ మూలమే అక్కర్లేనిది గనక.

వాల్వు ఆంప్లిఫయరు కొన్నవాడి ఇంట్లో పాట సరిగా పలకనప్పుడు హైఫై పండితుడు వచ్చి, సోఫాలో కూర్చుని, కళ్లు మూసుకుని సెలవిచ్చే సూత్రం ఇది. చెప్పేవాళ్లు మారినా పాఠభేదం లేదు. వేదం తర్వాత నోటినోటా ఇంత శుద్ధంగా నిలిచిన వాక్యం మరొకటి ఎరగం.

మూలం

"మీ ఆంపుకీ స్పీకర్లకీ ఇంకా పొత్తు కుదర్లేదు సార్. మంచి కేబుల్ వేయండి. తెర తొలగిపోతుంది."

ప్రతిపదార్థం

మీ = మీయొక్క, అనగా సొమ్ము నాది కాదని భావము; ఆంపుకీ, స్పీకర్లకీ = సుగమము; ఇంకా = ఎంత వెచ్చించినను మిగిలియుండునట్టి (ఈ అవ్యయమే సూత్రమునకు ప్రాణము); సార్ = సంబోధనము, బేరము లక్ష దాటినపుడు తరచుగా వచ్చును; మంచి = వెలలో మంచి; వేయండి = ప్రార్థనవలె కనిపించు ఆజ్ఞ; తెర = "ఏ తెర?" యని పూర్వపక్షము, కన్నులు మూసికొన్నవారికే కనిపించునదియని సిద్ధాంతము.

పొత్తు అను పదము మిగిలినది. ఇచట కొంచెము నిలువవలెను.

విశేషం

ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు ప్రతాపరుద్రీయం రాశాడు. అందులో శయ్య అని ఒకటి చెప్పాడు: పద్యంలో పదాలకు ఒకదానితో ఒకటి ఉండే స్నేహం. ఒక మాట తీసి అదే అర్థమున్న మరో మాట పెడితే పద్యం ఒప్పుకోకూడదు. అప్పుడు శయ్య కుదిరినట్టు. ఈ గ్రంథానికి రత్నాపణమని వ్యాఖ్య రాసినవాడు కుమారస్వామి, సాక్షాత్తూ మల్లినాథుడి కొడుకు. తండ్రీ వ్యాఖ్యాతే, కొడుకూ వ్యాఖ్యాతే! ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఎవరైనా "పెరుగు" అంటే, అది నామవాచకమో ధాతువో తేలేలోపు అన్నం చల్లారిపోయేది కాబోలు.

శయ్య వెంటే పాకం. ద్రాక్షాపాకమంటే లోపలా బయటా రసమే. నారికేళపాకమైతే కొబ్బరికాయ కొట్టినట్టు కొడితేగాని లోపలి తీపి దొరకదు. నడుమ కదళీపాకాన్ని చేర్చినవాళ్లున్నారు, తొక్క తీసే శ్రమ మాత్రమే. విశ్వనాథది పాషాణపాకమన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాట అన్నవాళ్లలో ఎందరు రామాయణ కల్పవృక్షంలో రెండో కాండ దాకా వెళ్లారో అడగాలని నా చిరకాల కోరిక. అడిగితే కొట్లాట అవుతుంది, పోనివ్వండి.

పండితుడు కళ్లు మూసుకుని "వాల్వు సౌండులో తీపి ఉంది సార్" అన్నప్పుడు ద్రాక్షాపాకాన్నే చెబుతున్నాడు, తనకు తెలియకుండా. ఆ తీపికి కారణం ఉంది. ఒక్కో వైపు ఒక్క ట్రయోడుతో నడిచే ఆంపు, వచ్చిన స్వరానికి రెండింతల కంపనమున్న స్వరాన్ని తనవంతుగా కాస్త కలుపుతుంది. మంద్రంలో స పాడితే దానికి పై స తోడవుతుంది. స్థాయి మారినా స్వరం అదే గనక చెవికి అపశ్రుతి అనిపించదు, నిండుగా అనిపిస్తుంది. ఇంజినీర్లు దీన్ని వక్రీకరణ అంటారు. నాకు ఇష్టమే. కాకపోతే ఆ తీపి పాడినవాడిది కాదు, ఆంపుది.

ఎక్కడున్నాం? పొత్తు దగ్గర.

అన్వయం

వాక్యం అర్థమవ్వాలంటే మూడు ఉండాలంటారు తార్కికులు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. హైఫై శాస్త్రానికి ఇంతకంటే మంచి పాఠ్యపుస్తకం లేదు.

ఆకాంక్ష: ఒక పదం మరో పదం కోసం ఎదురుచూడటం. వాల్వు ఆంపుకు స్పీకరు మీద ఈ ఆకాంక్ష ప్రాణాంతకం. స్పీకరు తగిలించకుండా ఆంపు ఆన్ చేసి పాట పెడితే లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. పండితుడు ఈ ముక్క చెప్పడు. కాలితే మళ్లీ వస్తాడు.

యోగ్యత: "నిప్పుతో తడుపుతున్నాడు" అనే వాక్యంలో వ్యాకరణ దోషం లేదు, యోగ్యత లేదు. 300బి అనే వాల్వు 1938 నాటిది, వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్లు చేసింది. వైపుకొకటి పెడితే సుమారు 8 వాట్లు ఇస్తుంది. స్పీకరు సెన్సిటివిటీ అంటే ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వినిపిస్తుందనే లెక్క. 95 డెసిబెల్స్ స్పీకరుతో ఆ 8 వాట్లు చేసే పనిని, 85 డెసిబెల్స్ స్పీకరుతో చేయాలంటే 80 వాట్లు కావాలి. పది డెసిబెల్స్‌కు పదింతలు, అంతే. పాల్ క్లిప్ష్ 1940ల్లో గదిమూలకు ఆనించే హారన్ స్పీకర్లు చేసినప్పుడు ఒకటి రెండు వాట్లతోనే ఇల్లు మోగేది. ఆ 300బి ఆంపుకు 85 డెసిబెల్స్ చిన్న స్పీకరు తగిలించి మృదంగం తని ఆవర్తనం పెట్టండి. నిప్పుతో తడపడం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఈ సెన్సిటివిటీ ఎంతని నేను ఒక కొట్టులో అడిగాను. "సంగీతాన్ని నంబర్లతో వినరు సార్" అన్నారు. మరి ధర నంబరే కదా, అది మాత్రం గడగడా చెప్పారు! బట్టల కొట్లో ఎన్ని మీటర్లుందని అడిగితే, చీర అందం కొలతల్లో ఉండదంటారా ఎవరైనా? ఆ కొట్లో కేబులుకు మాత్రం వెండి ఎంత శాతమో, ఎన్ని పోగులో, పైన ఏ తొడుగో ఆరు పేజీల రంగుల పుస్తకం ఉంది.

సన్నిధి: పదాలు దగ్గరదగ్గరగా పలకడం. కేబుల్ పొట్టిగా ఉండాలని అర్థం. కేబుల్ గురించి శాస్త్రం చెప్పేది దాదాపు ఇంతే. మీ గోడలో ప్లగ్గు దాకా వచ్చే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగే తీసుకోండి. మూడు మీటర్ల దూరానికి, రానుపోను కలిపి దాని నిరోధం 0.04 ఓములు. ఫీడ్‌బ్యాక్ లేని ట్రయోడు ఆంపుకు తన సొంత అవుట్‌పుట్ ఇంపీడెన్సే రెండు ఓముల దాకా ఉంటుంది, అంటే తీగకు యాభై రెట్లు. దానికితోడు స్పీకరు మీద 8 ఓములని రాసినంత మాత్రాన అది 8 కాదు. ఒక స్వరం దగ్గర 5కు దిగుతుంది, బేస్‌లో ఒకచోట 20 దాటుతుంది. ఆంపుకు సొంత ఇంపీడెన్స్ ఎక్కువైన కొద్దీ ఈ ఎత్తుపల్లాలన్నీ పాటలోకి వచ్చేస్తాయి. ఒక స్వరం ఉబ్బుతుంది, ఒకటి నీరసిస్తుంది.

కాబట్టి న్యాయంగా చెప్పాలి. పొత్తు కుదర్లేదన్న మాట ముమ్మాటికీ నిజం. సూత్రానికి పూర్వార్ధం సత్యం, ఉత్తరార్ధం వ్యాపారం.

శంక, సమాధానం

"కేబుల్ మార్చగానే తేడా వినిపించిందే?" అంటే, కాకి వాలిందీ, తాటిపండు పడిందీ నిజమే. పాత ప్లగ్గు పీకి కొత్తది గుచ్చినప్పుడు పట్టిన చిలుము రాలి ఉండవచ్చు. లేచి మళ్లీ కూర్చోవడంలో తల ఒక జానెడు పక్కకు జరిగి ఉండవచ్చు. తేలాలంటే మార్గం ఒకటే: కేబుల్ మీద దుప్పటి కప్పి, ఇంట్లోవాళ్లలో ఒకరిని మార్చమనండి, మార్చారో లేదో చెప్పవద్దనండి. ఈ పరీక్షకు పిలిస్తే మా పండితుడికి ఆ రోజు చెవిలో జలుబు చేసింది.

అదే పండితుడు కొత్త కేబుల్‌తో మాయాబజార్ పాట పెట్టి, "చూశారా, ఘంటసాల వీణకు రెండడుగులు వెనగ్గా, ఎడమ పక్కకు నించున్నారు" అన్నాడు. ఆ సినిమా 1957 నాటిది, రికార్డింగు మోనో. రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది. ఎడమ, కుడి ఆ టేపులో లేనే లేవు.

మార్బుల్ నేల, ఎదురుగా నిలువెత్తు అద్దాల కిటికీ ఉన్న ఆ పాట వినే గదిలో చప్పట్లు కొడితే గణగణా మోగుతోంది. దాని గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. జంపఖానా పరిచి, మందపాటి కర్టెన్లు వేస్తే ఆ మోత సగం చస్తుంది. జంపఖానా మీద కమిషన్ రాదు కాబోలు.

తాత్పర్యం

మీ ఆంపు వెనకాల 4 అనీ 8 అనీ రాసిన బిగింపులుంటాయి, కొన్నింటికి 16 కూడా. ఇప్పుడు తీగ 8 దగ్గర ఉంటే, ఆంపు ఆపి, తీగ తీసి 4 దగ్గర బిగించి, మళ్లీ ఆన్ చేసి అదే పాట వినండి. కాస్త శక్తి తగ్గుతుంది, బేస్ కుదురుకోవచ్చు. నచ్చకపోతే మళ్లీ ఆపి వెనక్కి మార్చండి. పైసా ఖర్చు లేదు. పండితుడు వచ్చే ముందే చేయండి.